ఉమ్మడి చట్రం, ఊరూరి ఆట: గోదావరి మండలంలో ఔత్సాహిక నాటక సమాజాల చరిత్ర

ఉపోద్ఘాతం

తెలుగులో 'ఆట' అనే మాటకు విస్తృతమైన అర్థం ఉంది. పిల్లలు వీధిలో ఆడేది ఆట, నటులు రంగస్థలం మీద ఆడేదీ ఆటే. తోలుబొమ్మలాట, బయలాట అనే ప్రదర్శన రూపాల పేర్లలో ఈ మాటే ఉంది. నాటకాన్ని 'ఆడారు' అంటామే గాని 'చేశారు' అనడం తక్కువ. సినిమాహాళ్ళు వచ్చిన తరువాత కూడా 'మొదటి ఆట', 'రెండో ఆట' అనే వాడుక నిలిచింది. క్రీడకూ ప్రదర్శనకూ ఒకే క్రియాపదాన్ని వాడే ఈ భాషా వ్యవహారం, ఆట ఎవరిది, దాన్ని తయారుచేసేవారు ఎవరు అనే ప్రశ్నను రెండు రంగాలకూ కలిపి వేయడానికి అవకాశమిస్తుంది.

కంప్యూటర్ ఆటల చరిత్రలో ఈ ప్రశ్న 1990లలో ముందుకు వచ్చింది. 1993 డిసెంబరులో అమెరికాకు చెందిన ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ 'డూమ్' అనే ఆటను విడుదల చేసింది. ఆటను నడిపే యంత్రాంగాన్ని, అంటే ఇంజిన్‌ను ఒకచోట ఉంచి, ఆటలోని గదులు, బొమ్మలు, శబ్దాలను వేరే దస్త్రంలో పెట్టింది. దానితో ఆడేవారే ఆ దస్త్రాన్ని మార్చి తమ సొంత ఆటలను కట్టుకోవడం మొదలుపెట్టారు. జీతం లేదు, యజమాని లేడు. ఇంజిన్ అందరిదీ ఒకటే, దాని మీద కట్టిన ఆటలు మాత్రం ఎవరివి వారివి. 1997 డిసెంబరులో ఆ సంస్థ ఇంజిన్ మూలసంకేతాన్ని కూడా బహిరంగపరచింది.

ఉమ్మడి యంత్రాంగం మీద ఆటగాళ్ళే స్వచ్ఛందంగా తమ ఆటను నిర్మించుకోవడం కంప్యూటర్‌తో పుట్టిన పద్ధతి కాదు. పందొమ్మిదో శతాబ్ది చివరి రెండు దశాబ్దాలలో గోదావరి మండలంలో, ముఖ్యంగా రాజమహేంద్రవరంలో తలెత్తిన ఔత్సాహిక నాటక సమాజాల చరిత్రలో ఇదే నిర్మాణం కనిపిస్తుంది. ఉపాధ్యాయులు, విద్యార్థులు, గుమాస్తాలు, ప్లీడర్లు తమ వృత్తులు తాము చేసుకుంటూనే నాటకాలు ఆడారు. పురాణకథ, ఛందోబద్ధమైన పద్యం, పరదాలూ హార్మోనియంతో కూడిన రంగస్థలం అనే మూడు అంశాలు వారికి ఉమ్మడి చట్రంగా పనిచేశాయి. ఆ చట్రం ఏ విధంగా ఏర్పడింది, దాని మీద ఊరూరా నాటకాలు ఏ విధంగా నిర్మితమయ్యాయి, అందులో చోటు దొరకనివారు ఎవరు, చివరకు అదే చట్రం సమాజాలకు ఎందుకు ముప్పుగా పరిణమించింది అనే విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పరాయి పాకలో తొలి ప్రదర్శన

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత గోదావరి డెల్టా ఆర్థిక స్వరూపం మారింది. కాలువల కింద వరి సాగు పెరిగింది. ఆ కాలువలే పడవ ప్రయాణానికీ మార్గాలయ్యాయి. న్యాయస్థానాలు, పాఠశాలలు, కళాశాల ఉన్న రాజమహేంద్రవరంలో ఆంగ్ల విద్య నేర్చిన ఉద్యోగవర్గం ఏర్పడింది. అప్పటికి ఈ ప్రాంతంలో ప్రదర్శన కళలకు కొరత లేదు. వీధినాటకం, యక్షగానం, తోలుబొమ్మలాట, కలావంతుల మేళాలు ఉన్నాయి. అయితే ఇవన్నీ వంశపారంపర్యంగా, వృత్తిగా సాగేవి. చూసేవారు వేరు, ఆడేవారు వేరు.

విష్ణుదాస్ భావే 1843లో సాంగ్లీలో ప్రారంభించిన నాటక సంప్రదాయం పశ్చిమ భారతంలో అనేక సంచార సమాజాలకు దారి వేసింది. ఆ ప్రభావంతో ఎదిగిన ధార్వాడ నాటక సమాజం 1880 ప్రాంతంలో ఆంధ్రదేశంలో పర్యటిస్తూ రాజమహేంద్రవరంలో ప్రదర్శనలు ఇచ్చింది. భాష తెలుగు కాకపోయినా తెరలు, వేషాలు, సంగీతం స్థానిక ప్రేక్షకులను ఆకట్టుకున్నాయి. ఆ సమాజం వెళ్ళిపోయిన తరువాత, వారు ఆడిన పాకలోనే కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత తెలుగు నాటకాలు ఆడించారు. షేక్స్పియర్ 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'కు అనుసరణగా తాను రాసిన 'చమత్కార రత్నావళి', న్యాయవాద వృత్తిలోని అవకతవకలను ఎగతాళి చేసిన 'వ్యవహార ధర్మబోధిని' ఈ సందర్భానికి చెందినవి. వీటి ప్రదర్శనతోనే ఆధునిక తెలుగు నాటకరంగం ఆరంభమైందని చరిత్రకారులు పరిగణిస్తున్నారు. కందుకూరి జన్మదినమైన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకోవడానికి ఇదే ఆధారం.

ఈ ఘటనను సాధారణంగా నాటక రచన దృష్టితో చూస్తారు. నిర్మాణం దృష్టితో చూసినప్పుడు మరొక సంగతి తెలుస్తుంది. పాక పరాయిది. తెరల పద్ధతి పరాయిది. కథ ఇంగ్లండు నుంచి వచ్చినది. స్థానికంగా సమకూరినవి రెండే: భాష, ఆడేవారు. ఒకచోట సిద్ధంగా ఉన్న యంత్రాంగాన్ని తీసుకొని, అందులో తమకు కావలసిన విషయాన్ని నింపుకొని, వేతనం లేకుండా ఆడే పద్ధతి తొలి ప్రదర్శనలోనే స్థిరపడింది. ఆడినవారు బడిపిల్లలు కావడం వల్ల నాటకం ఒక కులవృత్తి అనే భావన కూడా కదిలింది. చదువుకున్న కుటుంబాల యువకులు ముఖానికి రంగు వేసుకోవడం అప్పటి సమాజంలో సులువుగా ఆమోదం పొందే పని కాదు.

ఇమ్మానేని సమాజం, చిలకమర్తి కలం

కందుకూరి ప్రయత్నం తరువాత రాజమహేంద్రవరంలో నాటకాన్ని నిలకడగా నడిపినవారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు. ఆయన ఉపాధ్యాయుడు. ఒంగోలులో ఆయన శిష్యుడైన టంగుటూరి ప్రకాశం, గురువు రాజమహేంద్రవరానికి మారినప్పుడు ఆయనతోపాటు వచ్చి ఇక్కడే చదువు కొనసాగించారు. తరువాతి కాలంలో ఈ పట్టణ పురపాలక సంఘానికి అధ్యక్షుడై, 1946లో మద్రాసు రాష్ట్రానికి, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన ప్రకాశం, యౌవనంలో ఈ సమాజపు నాటకాలలో స్త్రీపాత్రలు కూడా ధరించారు. 'నా జీవితయాత్ర'లో ఆయన తన నాటకానుభవాలను దాచుకోకుండా చెప్పుకున్నారు.

ఈ సమాజానికి రచయితగా లభించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహం. 1867లో ఖండవల్లిలో జన్మించిన చిలకమర్తి బాల్యం నుంచి రేచీకటితో బాధపడ్డారు. క్రమంగా చూపు పూర్తిగా పోయింది. ఇమ్మానేని కోరిక మీద ఆయన రాసిన 'కీచకవధ' 1889లో ప్రదర్శితమైంది. 'ద్రౌపదీ పరిణయము', 'శ్రీరామ జననము', 'పారిజాతాపహరణము', 'గయోపాఖ్యానము' ఆ వరుసలోనివే. అంటే నాటకాన్ని రాసి, తరువాత ఆడేవారి కోసం వెతికిన రచయిత కాదు ఆయన. ముందు సమాజం ఉంది, ఆడేవారు ఉన్నారు, వారికి తగిన నాటకం కావలసి వచ్చింది. ఆడేవారి అవసరం నుంచి రచన పుట్టడం ఔత్సాహిక రంగస్థలం తెచ్చిన ముఖ్యమైన మార్పు.

'గయోపాఖ్యానము' ఇందుకు మంచి ఉదాహరణ. అర్ఘ్యం ఇస్తున్న శ్రీకృష్ణుని దోసిలిలో ఆకాశమార్గాన పోతున్న గయుడనే గంధర్వుని ఉమ్మి పడుతుంది. కృష్ణుడు అతణ్ణి చంపుతానని ప్రతిన పూనుతాడు. గయుడు అర్జునుణ్ణి శరణు కోరుతాడు. సంగతి తెలియక అభయమిచ్చిన అర్జునుడు మాట తప్పలేక బావమరిదితో యుద్ధానికి నిలబడతాడు. ఈ కథ వ్యాసభారతంలో లేదు. భారతపాత్రలను, వారి స్వభావాలను, బంధుత్వాలను యథాతథంగా తీసుకొని, మూలంలో లేని సన్నివేశాన్ని అల్లిన కథ ఇది. ప్రేక్షకునికి కృష్ణార్జునులను పరిచయం చేయవలసిన అవసరం లేదు. వారిద్దరూ ఎదురెదురుగా నిలబడితే ఏమవుతుందన్నదే కొత్తదనం. పైగా ఇందులో సమాన బలం గల ప్రధానపాత్రలు రెండు ఉన్నాయి. మంచి గొంతు ఉన్న ఇద్దరు నటులు ఏ ఊరిలో ఉన్నా ఆడుకోవడానికి వీలైన నాటకం ఇది. ముద్రణ తరువాత దీని ప్రతులు లక్షకు మించి అమ్ముడుపోయాయని సాహిత్య చరిత్రలో ప్రసిద్ధి. నాటకపుస్తకాన్ని కొన్నవారిలో చదువుకోవడానికి కొన్నవారితోపాటు ఆడడానికి కొన్నవారూ ఉన్నారని గుర్తిస్తేనే ఆ సంఖ్యకు అర్థం తెలుస్తుంది. 1963లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో వచ్చిన 'శ్రీకృష్ణార్జున యుద్ధము' చిత్రం ఈ కథ ఆదరణ ఎంతకాలం నిలిచిందో తెలుపుతుంది.

చట్రంలోని మూడు అంగాలు

ఊరూరా సమాజాలు ఏర్పడడానికి ఉత్సాహం ఒక్కటే చాలదు. ఒక సమాజం నేర్చుకున్నది మరొక సమాజానికి పనికివచ్చే విధంగా కొన్ని అంశాలు స్థిరంగా ఉండాలి. పద్యనాటకంలో అటువంటి అంశాలు మూడు.

మొదటిది కథ. పదకొండో శతాబ్దిలో రాజరాజనరేంద్రుని ఆస్థానంలో, ఇదే రాజమహేంద్రవరంలో, నన్నయ భారతాంధ్రీకరణకు పూనుకున్నాడు. అప్పటి నుంచి పురాణపఠనం, హరికథ, వీధినాటకం ద్వారా భారత, భాగవత, రామాయణ కథలు అక్షరాస్యులకూ నిరక్షరాస్యులకూ సమానంగా తెలిసినవే. కథ ముందే తెలిసిన ప్రేక్షకుని ఎదుట నాటకాన్ని ఏ ఘట్టం నుంచైనా మొదలుపెట్టవచ్చు, ఎక్కడైనా ఆపవచ్చు.

రెండవది పద్యం. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతిస్థానం. చంపకమాలకు ఇరవై ఒకటి, యతి పదకొండో అక్షరం. శార్దూలానికి పంతొమ్మిది, పదమూడో అక్షరం. మత్తేభానికి ఇరవై, పద్నాలుగో అక్షరం. ఈ కొలతలు ఏ కవి రాసినా మారవు. కవి ఛందస్సును నిర్ణయిస్తాడు గాని రాగాన్ని నిర్ణయించడు. తాళం కట్టుబాటు లేనందువల్ల నటుడు తన గొంతుకు అనువైన రాగంలో, తన శ్వాసకు అనువైన విరుపులతో పద్యాన్ని పాడుకోవచ్చు. ఒక మత్తేభం పాడడం నేర్చినవాడు మరొక మత్తేభాన్ని కొద్దిపాటి సాధనతో పాడగలడు. లోపలి కొలత స్థిరంగా ఉండి, పైరూపం నటుని చేతిలో ఉండడం వల్ల పద్యం ఒకేసారి ప్రమాణంగానూ స్వేచ్ఛగానూ పనిచేసింది.

మూడవది రంగసామగ్రి. వీధి, దర్బారు, అంతఃపురం, అడవి మొదలైన దృశ్యాలు చిత్రించిన పరదాలు దాదాపు అన్ని నాటకాలకూ సరిపోయేవి. ముందు వీధి పరదా దించి చిన్న రంగం నడుపుతుంటే వెనుక దర్బారు సిద్ధమయ్యేది. కిరీటాలు, భుజకీర్తులు, గదలు, విల్లంబులు అద్దెకు తెచ్చుకోవచ్చు. కాలితో తొక్కే హార్మోనియం నటునికి శ్రుతి ఇవ్వడంతోపాటు, అతను తడబడినప్పుడు ఆదుకునేది. ఒకసారి సమకూర్చుకున్న సామగ్రితో కీచకవధ ఆడవచ్చు, గయోపాఖ్యానమూ ఆడవచ్చు.

ఈ మూడూ కలిసినప్పుడు ఒక చిన్న పట్టణంలోని పదిమంది యువకులకు నాటకం అందుబాటులోకి వచ్చింది. చందాలు పోగుచేసుకొని, పగటి పనులు ముగిశాక రాత్రిపూట రిహార్సళ్ళు వేసుకొని, ఏడాదికి ఒకటి రెండు ప్రదర్శనలు ఇవ్వగలిగారు. కాకినాడ, పిఠాపురం, ఏలూరు, భీమవరం, అమలాపురం వంటి చోట్ల నాటకం ఊరి సొంత వ్యవహారం కావడానికి ఈ అనుకూలత ప్రధాన కారణం.

పాఠం ఒకటి, పాఠాంతరాలు అనేకం

దివాకర్ల తిరుపతిశాస్త్రి స్వగ్రామం భీమవరం సమీపంలోని యండగండి. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి స్వగ్రామం రాజమహేంద్రవరం సమీపంలోని కడియం. తిరుపతి వేంకట కవులుగా ప్రసిద్ధులైన ఈ జంట పాండవుల కథను జననం, ప్రవాసం, రాజసూయం, ఉద్యోగం, విజయం, అశ్వమేధం అని ఆరు నాటకాలుగా రచించింది. వాటిలో ఉద్యోగ, విజయ నాటకాలకు లభించిన ఆదరణ తక్కినవాటికి లభించలేదు. ప్రదర్శనలో ఈ రెండూ కలిసి 'పాండవోద్యోగ విజయములు' అయ్యాయి. జనవ్యవహారంలో 'కురుక్షేత్రం' అయ్యాయి. అందులోంచి 'రాయబారం' విడిపోయి స్వతంత్ర ప్రదర్శనగా నిలిచింది. నిద్ర నటిస్తున్న కృష్ణుని వద్దకు దుర్యోధనుడు, అర్జునుడు సహాయం కోరి వచ్చే ఘట్టం 'పడక సీను' పేరుతో మరింత చిన్న స్వతంత్ర భాగమైంది. కవులు రాసిన అంకవిభజనకూ ప్రేక్షకులకు తెలిసిన నాటకానికీ మధ్య ఉన్న ఈ దూరం ఆడేవారి ఎంపికల వల్ల ఏర్పడింది.

భాగాలను విడదీయడంతో ఆడేవారు ఆగలేదు, చేర్చారు కూడా. ఒక కవి నాటకంలో మరొక కవి పద్యాన్ని చేర్చి పాడడం సర్వసాధారణం. దీనికి అత్యంత ప్రసిద్ధమైన ఉదాహరణ గోదావరి మండలంలోనూ విస్తృతంగా ఆడిన 'సత్య హరిశ్చంద్రీయము'. ఈ నాటకకర్త బలిజేపల్లి లక్ష్మీకాంతం. 1912 నాటి ఈ నాటకంలోని కాటిసీనులో నటులు గుర్రం జాషువా శ్మశానాన్ని గురించి రాసిన ఖండకావ్యంలోని పద్యాలను చేర్చుకున్నారు. అవి అక్కడ ఎంతగా ఇమిడిపోయాయంటే, ప్రేక్షకులలో చాలామంది వాటిని మూలనాటకంలో భాగంగానే భావించారు. ఛందస్సు ఒకటే కావడం వల్ల ఈ అతుకు కనిపించలేదు.

ఈ చేర్పుకు సామాజికార్థం కూడా ఉంది. జాషువా కులవివక్షను జీవితమంతా ఎదుర్కొన్న దళిత కవి. 1910ల మధ్యకాలంలో రాజమహేంద్రవరంలో మూకీ చిత్రాలకు వ్యాఖ్యానం చదివి పొట్టపోసుకున్నవారు.  అయినా కాటికాపరిగా మారిన రాజు నోట చావు ముందు అందరూ సమానులేనని పలికించవలసి వచ్చినప్పుడు, నటులు ఆ కవి వద్దకే వెళ్ళారు. సమాజాల సభ్యత్వపట్టికలు ఇవ్వని ప్రవేశాన్ని పద్యమనే ఉమ్మడి ప్రమాణం ఇచ్చింది. అదే సమయంలో ఆ ప్రవేశం పేరు లేని ప్రవేశం. పద్యం వేదిక ఎక్కింది, కవి పేరు కరపత్రం మీదికి ఎక్కలేదు. ఉమ్మడి నిర్మాణాలలో కర్తృత్వం ఎంత సులువుగా కరిగిపోతుందో, ఆ నష్టం ఎవరి వాటాకు ఎక్కువగా వస్తుందో ఈ ఉదాహరణ తెలుపుతుంది.

చట్రంలో చోటు లేనివారు

'ఔత్సాహికులు' అనే మాటలో ఒక ఆర్థిక వాస్తవం దాగి ఉంది. వేతనం లేకుండా ఆడగలిగేది వేరొక జీవనాధారం ఉన్నవారే. తొలినాటి సమాజాలలో ఉపాధ్యాయులు, ఉద్యోగులు, న్యాయవాదులు అధికంగా ఉండడానికి ఇదే కారణం. పగలంతా కూలి చేసి వచ్చినవారికి రాత్రి రిహార్సలుకు తీరిక ఉండదు. చందా కట్టే శక్తీ ఉండదు.

స్త్రీల విషయం మరింత సంక్లిష్టం. సమాజాలలో స్త్రీపాత్రలను పురుషులే ధరించారు. గోదావరి మండలంలో సంగీతంలో, అభినయంలో తరతరాల శిక్షణ పొందిన స్త్రీలు లేకపోలేదు. మురమండ, పెద్దాపురం, కాకినాడ వంటి చోట్ల కలావంతుల కుటుంబాలు జావళి, పదం, భామాకలాపం సంప్రదాయాలను కాపాడుకుంటూ వచ్చాయి. అయితే ఔత్సాహిక నాటకం తలెత్తిన కాలంలోనే వారి మేళాలకు వ్యతిరేకంగా సంస్కరణోద్యమం బయలుదేరింది. ఆ ఉద్యమంలో అగ్రగామి కందుకూరి వీరేశలింగమే. విద్యార్థుల చేత నాటకం ఆడించి రంగస్థలానికి గౌరవం కల్పించిన వ్యక్తి, మేళాలు ఆడే స్త్రీల కళను గౌరవనీయమైన కళల పరిధి నుంచి తొలగించిన ఉద్యమానికి నాయకుడు కావడం ఆ కాలపు వైరుధ్యం. వినోదంలోని నీతిని గురించి ఆయనకున్న ఒకే దృష్టి నుంచి ఈ రెండు చర్యలూ పుట్టాయి. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చేనాటికి ఆ కుటుంబాలలో చాలావరకు కళ జీవనాధారం కాకుండా పోయింది. చదువుకున్న యువకుడు చీర కట్టి ద్రౌపది పాత్ర వేస్తే అది కళాసేవ. అదే పాత్రకు తగిన గానం, అభినయం తెలిసిన స్త్రీ వేదిక ఎక్కితే అది అపకీర్తి. స్వచ్ఛంద సమాజాల ఔన్నత్యాన్ని చెప్పే చరిత్ర ఈ రెండో సగాన్ని కూడా చెప్పవలసి ఉంటుంది.

సమాజం లేని నాటకం

ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాలలో పరిస్థితులు మారాయి. 1900లో గోదావరి మీద హేవలాక్ రైలువంతెన ప్రారంభమైంది. అంతకుముందు పడవల మీద ఆధారపడిన ప్రయాణం గంటలలోకి కుదిరింది. గ్రామఫోను రికార్డులు నాటకపద్యాలను ఇళ్ళలోకి తెచ్చాయి. ఏ పద్యం ఎవరి గొంతులో బాగుంటుందో ప్రేక్షకులకు ముందే తెలిసిపోయింది. ప్రేక్షకుడు నాటకం చూడడానికి రావడం తగ్గి, ఫలానా నటుని పద్యం వినడానికి రావడం పెరిగింది. మెచ్చిన పద్యానికి 'వన్స్ మోర్' కొట్టి రెండు మూడు సార్లు పాడించుకోవడం ఆనవాయితీ అయింది.

ఈ పరిస్థితులలో వచ్చినది 'కంట్రాక్టు నాటకం'. కంట్రాక్టరు వేరు వేరు ఊళ్ళ నుంచి పేరున్న నటులను ఒక్క రాత్రికి కుదుర్చుకుంటాడు. కృష్ణుడు ఒక ఊరి నుంచి, దుర్యోధనుడు మరొక ఊరి నుంచి, అర్జునుడు ఇంకొక ఊరి నుంచి రైలు దిగుతారు. రిహార్సలు ఉండదు. కొన్నిసార్లు ఒకే నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని ఇద్దరేసి నటులు రంగాలు పంచుకునేవారు. ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి వంటివారు కృష్ణపాత్రతోనే ఆంధ్రదేశమంతటా ప్రసిద్ధులయ్యారు.

రిహార్సలు లేకుండా నాటకం ఆడడం ఏ విధంగా సాధ్యమైంది అనేదే ఇక్కడ కీలకమైన ప్రశ్న. అందరికీ ఒకే నాటకం కంఠస్థం. అందరికీ ఒకే ఛందస్సు తెలుసు. పరదాలు ఎక్కడైనా ఒకటే, హార్మోనియం ఎక్కడైనా ఒకటే. ఒక భాగాన్ని తీసి మరొక భాగాన్ని పెట్టినా యంత్రం ఆగదు. ఊరి సమాజం తన నాటకాన్ని తాను కట్టుకోవడానికి తోడ్పడిన ఉమ్మడితనమే, సమాజంతో నిమిత్తం లేకుండా నాటకాన్ని కూర్చే వీలును కంట్రాక్టరుకు ఇచ్చింది. దీని ఫలితాలు నాటకం మీద స్పష్టంగా కనిపించాయి. చిన్న పాత్రలు కుంచించుకుపోయాయి. కథాగమనం పద్యాల మధ్య విరామంగా మిగిలింది. సన్నివేశం ఎంతసేపు నడవాలో కథ నిర్ణయించడం మాని, గొంతు నిర్ణయించసాగింది.

కంప్యూటర్ ఆటల రంగంలోనూ ఇటువంటి పరిణామమే సంభవించింది. 'హాఫ్ లైఫ్' అనే ఆట ఇంజిన్ మీద మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు యువకులు 1999లో 'కౌంటర్ స్ట్రైక్' అనే ఉచిత ఆటను నిర్మించి పంచారు. ఆడేవారి సూచనలతో పెరిగిన ఆ ఆట హక్కులను ఇంజిన్ యజమాని అయిన వాల్వ్ సంస్థ తీసుకొని 2000లో అమ్మకానికి పెట్టింది. అక్కడ ఇంజిన్‌కు యజమాని ఉన్నాడు. పద్యనాటకపు చట్రానికి యజమాని లేడు. అయినప్పటికీ, స్వచ్ఛంద శ్రమ తయారుచేసిన ఆదరణను వ్యాపారం అందుకోవడం రెండు చోట్లా జరిగింది.

కంట్రాక్టు పద్ధతిని పతనంగా మాత్రమే చూడడం కూడా సమగ్రం కాదు. ఔత్సాహిక సమాజం కళాకారునికి చప్పట్లు, పతకాలు ఇచ్చింది, కూడు పెట్టలేదు. ఇతర జీవనాధారం లేని ప్రతిభావంతునికి కంట్రాక్టు నాటకం పారితోషికం ఇచ్చింది. వేతనం లేని కాలంలో వేదిక దొరకనివారికి వేతనం ఉన్న కాలంలో కొంతమేరకు దొరికింది. స్త్రీలు రంగస్థలం మీదికి వృత్తి నటీమణులుగా రావడం కూడా ఈ మార్పులో భాగమే.

మరొక చట్రం కోసం

సమాజాల స్ఫూర్తి పూర్తిగా అంతరించలేదు. 1929లో తెనాలిలో ఏర్పడిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు పోటీల ద్వారా సమష్టి ప్రదర్శనకు విలువ పెంచింది. ఏలూరులో న్యాయవాదిగా ఉంటూనే కృష్ణపాత్రకు పేరుపొందిన బందా కనకలింగేశ్వరరావు ప్రభాత్ థియేటర్‌ను నడిపారు. కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ ఔత్సాహికులను ఒకచోట చేర్చింది. రేలంగి వెంకట్రామయ్య, ఎస్.వి.రంగారావు, అంజలీదేవి సినిమాలకు వెళ్ళకముందు అక్కడ తర్ఫీదు పొందినవారే.

ఈ స్ఫూర్తికి భిన్నమైన రూపం 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి. దాని నిర్మాతలలో ప్రముఖుడైన గరికపాటి రాజారావు రాజమహేంద్రవరంలో జన్మించిన వైద్యుడు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన 'మా భూమి' 1947లో వెలువడింది. తెలంగాణ రైతాంగ పోరాటం దాని ఇతివృత్తం. ఆ నాటకాన్ని ఆంధ్రప్రాంతంలో వందకు పైగా దళాలు ఆడాయి. పద్యం లేదు, కిరీటం లేదు, రాజదర్బారు పరదా అవసరం లేదు. రచన ఉమ్మడిది, ఆడేది ఊరి యువకులు. ఇది పాతపద్ధతినే కొత్త సామగ్రితో నిర్మించడం. మద్రాసు ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. ఒక కంపెనీ ఆడే నాటకాన్ని ఆపడానికి ఆ కంపెనీని ఆపితే సరిపోతుంది. వంద ఊళ్ళలో వందమంది ఆడే నాటకాన్ని ఆపడానికి నాటకాన్నే నిషేధించవలసి వచ్చింది.

ముగింపు

గోదావరి మండల ఔత్సాహిక నాటక చరిత్రను పరిశీలించినప్పుడు మూడు నిర్ణయాలకు రావచ్చు. ఒకటి, ఊరూరా నాటకం వ్యాపించడానికి ప్రతిభావంతులైన రచయితలు ఎంత కారణమో, కథ, పద్యం, రంగసామగ్రి అనే ఉమ్మడి ప్రమాణాలు అంతే కారణం. రెండు, ఆ ప్రమాణాలు అందరివీ అయినా వాటిని వినియోగించుకునే అవకాశం అందరికీ సమానంగా లేదు. కులం, లింగం, జీవనాధారం ఆ అవకాశాన్ని నిర్ణయించాయి. మూడు, ఉమ్మడి ప్రమాణం సమాజాన్ని నిర్మించగలదు గాని దాన్ని కాపాడలేదు. సమాజాన్ని నిలిపేది కలిసి రిహార్సలు వేసుకోవడం, చిన్న పాత్రకు కూడా మనిషిని సిద్ధం చేసుకోవడం వంటి నిత్యశ్రమ. ఆ శ్రమ మానిన చోట చట్రం మిగిలింది, సమాజం మిగలలేదు.

ఈ నిర్ణయాలు పరిశోధన పద్ధతికి కూడా వర్తిస్తాయి. పద్యనాటకాన్ని ముద్రిత ప్రతి ఆధారంగా మాత్రమే అధ్యయనం చేస్తే రచయిత నాటకం తెలుస్తుంది, ఊరివారు ఆడిన నాటకం తెలియదు. నటుల నోటుపుస్తకాలు, ప్రాంప్టరు చేతిలోని కొట్టివేతలూ చేర్పులూ ఉన్న ప్రతులు, కరపత్రాలు, హార్మోనిస్టులు రాసుకున్న రాగసూచనలు పాఠపరిష్కరణకు తాళపత్రాల వలెనే ఆధారాలు. అవి గ్రంథాలయాలలో కంటే పాత ఇళ్ళ ట్రంకుపెట్టెలలో ఉండే అవకాశం ఎక్కువ. ఆ ఇళ్ళు ఖాళీ అయిన ప్రతిసారీ ఒక ఊరి పాఠాంతరం పోతుంది. గయోపాఖ్యానాన్ని, ఉద్యోగ విజయాలను ప్రతి ఊరూ ఏ విధంగా తనదిగా చేసుకున్నదో తెలుసుకోవాలంటే ఈ ప్రతుల సేకరణ, పరిష్కరణ తెలుగు శాఖలు చేపట్టవలసిన తక్షణ కర్తవ్యం.